సైకతక్రీడాచికిత్స

సైకతక్రీడాచికిత్స యనునది, ఇసుక నింపిన తొట్టెలో చిన్న బొమ్మలను ఇచ్చవచ్చినట్లు అమర్చుటద్వారా, మాటలకందని మనోవ్యథకు రూపమొసగు మానసిక చికిత్సాపద్ధతి. ‘శాండ్‌ప్లే థెరపీ’ దీని వ్యావహారిక నామము.

హెచ్. జి. వెల్స్ 1911లో ప్రకటించిన ‘ఫ్లోర్ గేమ్స్’ గ్రంథమువలన స్ఫూర్తినొంది, శిశువైద్యురాలగు మార్గరెట్ లోవెన్‌ఫెల్డ్, తాను 1928లో లండనునందు నెలకొల్పిన చికిత్సాలయమున ‘ప్రపంచ పద్ధతి’ని రూపొందించెను. ఆమెకడ శిక్షణపొందిన స్విట్జర్లండు దేశీయురాలు డోరా కాల్ఫ్ (1904–1990), దానిని మనస్తత్త్వవేత్తయగు యూంగ్ సిద్ధాంతములతో సమన్వయించి, ప్రస్తుత రూపమునకు దెచ్చెను.

తొట్టె లోపలి కొలతలు సుమారు 72 సెం.మీ. పొడవు, 57 సెం.మీ. వెడల్పు, 7 సెం.మీ. లోతు. అడుగునకును లోపలి ప్రక్కలకును నీలవర్ణము పూయబడి యుండుటచే, ఇసుకను వ్రేలితో త్రోసినంతనే ఏరో సముద్రమో పొడకట్టును. మనుష్యులు, మృగములు, వృక్షములు, ఇండ్లు, వంతెనలు మొదలగు బొమ్మలు అరలయందు అమర్చబడి యుండును. చికిత్సకుడు ఆజ్ఞాపింపక, తొందరపడి వ్యాఖ్యానింపక, చెంతనే మౌనముగా గూర్చుండి, ఆదరభావముతో గమనించును. కాల్ఫ్ ఇట్టి వాతావరణమును స్వేచ్ఛయు రక్షణయుగల తావుగా నిర్వచించెను. ఏర్పడిన దృశ్యమును ఛాయాచిత్రముగా భద్రపరచి, నిర్మించినవారు వెడలిన పిమ్మటనే విప్పుదురు.

1965లో జపాను మనస్తత్త్వవేత్తయగు కవాయ్ హయావో ఈ పద్ధతిని జపానునకు గొనిపోగా, అచటి ‘హకోనివా’ పేటికోద్యాన సంప్రదాయముతో అది సులభముగా నొదిగెను. ఈ చికిత్సకు సంబంధించిన అంతర్జాతీయ సంఘము 1985లో స్థాపితమయ్యెను. బాలలకొరకు పుట్టిన యీ పద్ధతి, నేడు వయోజనులకును ఉపయుక్తమగుచున్నది.