పాతబస్తీలో పగటిపూట నడిరాత్రి

రాత్రివేళ మాత్రమే తిరిగే జంతువులను చూడడానికి హైదరాబాదు పాతబస్తీ ఎంచుకొన్న ఉపాయం చీకటిలోకి దీపం పట్టుకు వెళ్లడం కాదు, పగటినే రాత్రిగా మార్చడం. మీరాలం చెరువు చెంత బహదూర్‌పురాలో సుమారు 380 ఎకరాలలో వెలసి, 1963 అక్టోబరు 6న ప్రజలకు తెరిచిన నెహ్రూ జంతుప్రదర్శనశాలలో తరువాత ఏర్పడిన నిశాచర జంతుశాలలో పగలు మసక వెలుతురును, రాత్రి ప్రకాశవంతమైన దీపాలను ఉంచి, నిద్రా మెలకువలను నడిపే దేహలయను తలకిందులు చేస్తారు. అందువల్ల సందర్శకుడి మధ్యాహ్నం దేవాంగపిల్లికి నడిరాత్రి అవుతుంది. జంతువు స్వభావాన్ని మనిషి సౌకర్యానికి వంచిన ఈ పద్ధతి తెలివైనదే గాని పూర్తిగా నిర్దోషమైనది కాదు.

దీనికి భిన్నంగా, థర్మల్ మోనోక్యులర్ అనే ఒంటికంటి దుర్భిణి జంతువును కదిలించక, దాని ఒంటినుండి వెలువడే పరారుణ కిరణాలను, అంటే 1800లో విలియం హెర్షెల్ ఎరుపు రంగుకు అవతల ఉష్ణమాపకంతో కనుగొన్న కంటికందని కిరణాలను, చిత్రంగా మారుస్తుంది. అయితే మామూలు గాజు ఆ కిరణాలను అడ్డగిస్తుంది కనుక అద్దం వెనుకనున్న జీవిని అది చూపలేదు. అందుకే ఆ దుర్భిణి కటకాన్ని సైతం సాధారణంగా జెర్మేనియంతో చేస్తారు. 2020 మేలో పాతబస్తీ శివారున మైలార్‌దేవ్‌పల్లి రోడ్డుమీద కనిపించిన చిరుతను చూడడానికి మాత్రం ఏ పరికరమూ అవసరం కాలేదు. అది ఉదయపు వెలుగులోనే ప్రజల కంటబడింది.