నౌకల భారరేఖ

సరకు నెత్తుకొన్న నౌక యెంతవరకు నీట మునుగవచ్చునో, ఏ మట్టము దాటిన పిదప ఒక్క బస్తాయైనను ఎక్కింపరాదో తెలియునట్లు, నౌక మధ్యభాగమున ఇరుప్రక్కల శాశ్వతముగా చెక్కి రంగువేసిన చిహ్నమునకు భారరేఖ యని పేరు. దీనిని సాధించుటకై పోరాడిన సామ్యూల్ ప్లిమ్‌సాల్ పేరిట ప్లిమ్‌సాల్ గుర్తు అనియు వ్యవహరింతురు. నీటిమట్టమునుండి పైడెక్కు వరకుగల యెత్తును నావికులు ఫ్రీబోర్డు అందురు. ఈ యెత్తు తరిగినకొలది పెనుకెరటము మీదపడినప్పుడు తిరిగి పైకి తేలుటకు నౌకకు గల మిగులు శక్తియు తరిగిపోవును.

పందొమ్మిదవ శతాబ్దిని బ్రిటిషు నౌకావాణిజ్యము దినదిన ప్రవర్ధమానమగుచున్న కాలమున, శిథిలములైన యోడలకు సైతము హెచ్చుధనమునకు బీమా చేయించి, మోయలేని సరకు నెక్కించి, సముద్రముపైకి పంపు యజమానులు కొందరుండిరి. ఓడ తీరము చేరినచో కిరాయి దక్కును. మునిగినచో బీమా దక్కును. ప్రాణనష్టము మాత్రము నావికునిది, దిక్కులేనివారగుట వాని యాలుబిడ్డల వంతు. ఒడంబడికపై వ్రాలుచేసిన పిదప అట్టి యోడ నెక్కనొల్లని నావికులను చెరసాలకు పంపుటయు నాటి చట్టమునకు సమ్మతమే యయ్యెను. బొగ్గు వర్తకుడై, డెర్బీ పట్టణమునుండి పార్లమెంటునకు ఎన్నికైన ప్లిమ్‌సాల్ ఈ యన్యాయమును 1873లో ఒక గ్రంథమున బయలుపరచెను. 1875 జూలైలో ప్రభుత్వము నౌకారక్షణ బిల్లును ప్రక్కకు నెట్టగా, అతడు కామన్సు సభలో ఆగ్రహోదగ్రుడై ఓడల యజమానులను దుర్మార్గులని నిందించి సభ విడువవలసినవాడయ్యెను. ప్రజాభిప్రాయము అతని పక్షము వహించుటచే 1876లో చట్టము వచ్చినది. అయితే రేఖ యుండవలెనని శాసించిన ఆ చట్టము, దానిని ఏ యెత్తున గీయవలెనో నిర్ణయించు స్వేచ్ఛను యజమానికే విడిచిపెట్టెను. కొలత వేయువాడే కొలబద్దను నిర్ణయించు నీ లోపము 1890 చట్టముతోగాని తీరలేదు. 1930లోను, తిరిగి 1966లోను జరిగిన యంతర్జాతీయ సమావేశములు ఈ విధిని పలుదేశముల నౌకలకును వర్తింపజేసినవి.

గుర్తు నిర్మాణము సులభగ్రాహ్యము. 300 మిల్లీమీటర్ల వ్యాసముగల వలయము, దాని నడిమిగా పోవు 450 మిల్లీమీటర్ల అడ్డగీత, ప్రక్కన నిచ్చెనమెట్లవలె మరికొన్ని గీతలు. వలయములోని గీత వేసవి రేఖ. ఉష్ణమండల రేఖ దానికి పైనను, శీతకాల రేఖ క్రిందను ఉండును. వేసవి మునుకలో, అనగా వేసవి రేఖవరకు నౌక నీట మునుగు లోతులో, 48వ వంతు ఈ రేఖల నడిమి దూరము. 100 మీటర్లకు మించని నౌకలు శీతకాలమున ఉత్తర అట్లాంటిక్ సముద్రమున పోవలసినచో మరి 50 మిల్లీమీటర్లు తగ్గించి నింపవలెను. మనకు సన్నిహితమైన బంగాళాఖాతము డిసెంబరు 1 మొదలు ఏప్రిల్ 30 వరకు ఉష్ణమండలముగను, తక్కిన మాసములలో వేసవి మండలముగను పరిగణింపబడును. నైరృతి ఋతుపవనము విజృంభించుటయు, తుపానులు తరచుగా లేచుటయు ఈ రెండవ కాలముననే. కావున విశాఖపట్టణమున మార్చిలో నింపదగినంత సరకును అదే యోడలో అక్టోబరున నింపుటకు వీలులేదు. మంచినీటి రేవులకు వేరొక గీత గలదు. ఘనమీటరు సముద్రజలము సుమారు 1,025 కిలోగ్రాములు తూగగా మంచినీరు 1,000 మాత్రమే తూగును గనుక, హుగ్లీ తీరమున కలకత్తాలో నిండిన నౌక సముద్రము చేరిన పిదప కొంత పైకి తేలును.

మునుకను కొలుచుట రక్షణకేగాక వ్యాపారమునకును ఆధారము. బైలదిల్లా గనులనుండి రైలుపై విశాఖకు చేరు ఇనుప ఖనిజమును ఓడ కెత్తునపుడు, ముందు, నడుమ, వెనుక భాగములందలి అంకెలను చదివి, నీటి సాంద్రతను పరీక్షించి, ఎక్కిన సరకు బరువును గణింతురు. దీనికే డ్రాఫ్టు సర్వే యని పేరు. కొన్నవాడు చెల్లించు సొమ్ము ఈ లెక్కపై ఆధారపడియుండుటచే, అల్లలాడు నీటిలో అంకెను సత్యముగా చదువుట ఎంతో బాధ్యతాయుతమైన వృత్తి.

భారరేఖ బరువును చెప్పునుగాని సరకు గుణమును చెప్పజాలదు. తడిసిన ఖనిజచూర్ణము ఓడ కదలికలకు ద్రవమువలె మారి ఒక ప్రక్కకు జారును. 2009లో ఇనుప ఖనిజముతో పారదీపు వద్ద మునిగిన బ్లాక్ రోజ్ ఈ యపాయమునకు ఉదాహరణముగా పేర్కొనబడుచున్నది. ఇట్టి యపాయములను వారించుటకై 2011 జనవరి 1 నుండి అనివార్యమైన ఘనసరకుల నియమావళి, ఎక్కింపదగిన తేమకు హద్దు విధించి, పరీక్షాపత్రము నిమ్మని సరకు పంపువానిని శాసించుచున్నది.

కంటెయినర్ల విషయమున ఇదే చిక్కు మరొక రూపమున తలయెత్తెను. మూసిన పెట్టె బరువు నావికునికి కనుపింపదు. 2016 వరకు పంపువాడు వ్రాసినదే ప్రమాణముగా నుండెను. 2007 జనవరిలో ఇంగ్లీషు చానెలులో పగిలి, డెవను తీరమున మెట్టకు చేర్చబడిన ఎం.ఎస్.సి. నాపోలి డెక్కుపైనుండి దింపిన సుమారు 660 తడవని కంటెయినర్లను తూచగా, అయిదవ వంతు పెట్టెల బరువు పత్రములకు మూడు టన్నులకు పైగా భేదించెను. ఆ నౌక పగులుటకు కట్టడపు బలహీనతయే ముఖ్యహేతువైనను, ఈ తూకము లోకము కన్నులు తెరిపించినది. 2016 జూలై 1 నుండి, నిండిన పెట్టెను తూచియో, లోని వస్తువులను విడివిడిగా తూచి ఖాళీపెట్టె బరువు కలిపియో నిర్ధారించిన తూకము లేనిదే ఏ కంటెయినరును ఓడ కెక్కింపరాదు. ఈ తూకమునకు బాధ్యుడు ఓడ నాయకుడు కాడు, రేవు అధికారియు కాడు. సరకు పంపిన వర్తకుడే.