వింటినారి పలికిన చరిత్ర: జంగల్ మహల్ నుంచి మన్యం వరకు

విజయదశమి సాయంకాలం ఖరగ్‌పూర్‌లో రావణదహనం చూడడానికి వేలాది జనం గుమికూడుతారు. ఆ జనసందోహంలో బెంగాలీ, ఒడియా, హిందీ మాటలతో పాటు ఖరిదా తెలుగు కుటుంబాల ఉత్తరాంధ్ర యాస కూడా వినిపిస్తుంది. బెంగాల్ నాగపూర్ రైల్వే నిర్మాణంతోను, కర్మాగారంతోను ఉపాధి వెదుక్కుంటూ శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం ప్రాంతాల నుంచి వచ్చినవారి సంతతి ఇది. వారందరికీ విల్లనగానే మొదట గుర్తుకు వచ్చేది రాముని కోదండం. అయితే ఈ కూడలి నుంచి సాగే రెండు రైలు మార్గాలు పురాణ ధనుస్సుకు భిన్నమైన మరో వింటి చరిత్రలోకి తీసుకుపోతాయి. ఒకటి పడమటగా ఝాడ్‌గ్రామ్, ఘాట్‌శిలల మీదుగా టాటానగర్‌కు చేరేది. రెండవది దక్షిణాన కటకం మీదుగా వాల్తేరుకు పోయేది.

పడమటి మార్గం వెంట ఉన్న అడవి ప్రాంతమే పూర్వపు జంగల్ మహల్. ఇక్కడి సంతాల్ సమాజంలో విల్లు వేట పరికరం, పండుగ వస్తువు, కులగౌరవ చిహ్నం. ఎదురుబద్దను చెక్కి వింటిని చేసి, వెదురు పేళ్ళతోనే నారిని కూడా అమర్చుకొనే నేర్పు వారికి తరతరాల సొత్తు. మకర సంక్రాంతి వేళ వీరు 'బేఝా తుఞ్' అనే గురిపోటీ జరుపుతారు. మైదానంలో అరటిబోదెను నిలిపి, దూరం నుంచి ఊరి విలుకాండ్రు ఒకరి తరువాత ఒకరుగా బాణాలు వేస్తారు. బోదెను కొట్టినవానికి ఊరంతా ఆదరం చూపుతుంది.

ఈ విలుకాండ్రలో పలువురు బాణం సంధించేటప్పుడు బొటనవేలిని ఉపయోగించరు. చూపుడువేలికి, నడిమివేలికి మధ్య అంబును ఇరికించి నారి లాగుతారు. గురుదక్షిణగా బొటనవేలిని కోసి ఇచ్చిన ఏకలవ్యుని స్మృతిగా ఈ పద్ధతిని పాటిస్తున్నామని చెప్పుకొంటారు. నిషాదరాజు హిరణ్యధన్వుని కుమారుని ఆ కథను తెలుగువారు నన్నయ ఆదిపర్వంలో చదువుకొన్నారు. ఒలింపిక్ క్రీడల్లో రికర్వ్ విల్లు పట్టేవారు సైతం నారిని మూడు వేళ్ళతోనే లాగుతారు. ఆ పనిలో బొటనవేలికి పాత్ర లేదు. వేలిని పుచ్చుకొన్నంత మాత్రాన విద్య పోదని ఈ అడవి బిడ్డలు ఏనాడో నిరూపించారన్నమాట.

ఇంతటి విద్య ప్రభుత్వ పత్రాలలోకి ఎక్కిన తీరు మాత్రం విచారకరం. 1760లో మేదినీపూర్ ఈస్టిండియా కంపెనీ వశమైంది. 1767లో జాన్ ఫెర్గూసన్ అనే సైనికాధికారి పడమటి జమీందారుల మీదికి దండు నడిపి ఘాట్‌శిల కోటను పట్టుకొన్నాడు. కంపెనీయే గద్దెనెక్కించిన జగన్నాథ్ ధల్ కొద్దికాలానికే తిరుగబడ్డాడు. చివరకు 1777లో అతనినే తిరిగి గుర్తించక తప్పలేదు. శాశ్వత శిస్తు నిర్ణయం తరువాత, గ్రామరక్షణకు ప్రతిఫలంగా పాయిక్‌లు అనుభవిస్తున్న భూములు హరించిపోయాయి. ఫలితంగా 1798-99లో జంగల్ మహల్ మళ్ళీ భగ్గుమన్నది. మేదినీపూర్‌కు చేరువలోని కర్ణగఢ్ రాణి శిరోమణి 1799లో బందీ అయింది. ఈ పోరాటాలకు కంపెనీ అధికారులు 'చువాడ్' అల్లర్లని పేరు పెట్టారు. మోటువాడు, దుష్టుడు అనే తిట్టుమాట అది. విల్లు పట్టినవాని పేరు పోయి తిట్టు మాత్రం దస్తావేజుల్లో మిగిలింది.

1855 జూన్ 30న భొగ్నాదీహ్‌లో సిద్ధూ, కాన్హూ సోదరులు పిలుపునిచ్చిన సంతాల్ హూల్‌లోను విల్లే ప్రధానాయుధం. వడ్డీవ్యాపారుల దోపిడితో పాటు, రాజమహల్ ప్రాంతంలో రైలు మార్గం వేయించిన దొరల దౌర్జన్యాలు కూడా ఆ తిరుగుబాటుకు కారణాలని ఈ రైల్వే పట్టణవాసులు గుర్తుంచుకోదగినది. కాగా 1878 నాటి ఆయుధాల చట్టం తుపాకులు, కత్తులు, ఈటెల సరసన విల్లంబులను కూడా ఆయుధాలుగా పేర్కొన్నది. అంతవరకు కూడు పెట్టిన పనిముట్టు చట్టం దృష్టిలో అనుమానాస్పద వస్తువయింది.

రెండవ మార్గం వెంట దక్షిణానికి పోతే కనిపించే చరిత్ర దీనికి తోబుట్టువే. 1882 నాటి మద్రాసు అటవీ చట్టం మన్యంలో పోడు వ్యవసాయానికి, అటవీ ఫలసేకరణకు సంకెళ్ళు వేసింది. ఆ బాధ నుంచి పుట్టినదే 1922-24 నాటి మన్యం తిరుగుబాటు. అల్లూరి సీతారామరాజు వెంట నడిచిన గిరిజనులు మొదట నమ్ముకొన్నది తమ విల్లంబులనే. 1922 ఆగస్టు 22, 23, 24 తేదీలలో వరుసగా చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి ఠాణాలపై దాడిచేసి 26 తుపాకులు, 2,500కు పైగా తూటాలు వశపరచుకొన్నారు. రానున్న దాడిని బాణానికి మిరపకాయ కట్టి ముందుగా తెలిపే 'మిరపకాయ టపా' ఆంధ్రదేశంలో నేటికీ కథగా చెప్పుకొనే విషయం. 1924 మే 7న రాజు మరణించాడు. ఆయన అనుచరుడు గాం మల్లుదొర 1952లో లోక్‌సభ సభ్యుడయ్యాడు. రాజు ధనుర్ధారియైన విగ్రహాలు తెలుగునాట ఊరూరా వెలిశాయి. ఆయన వెంట విల్లు పట్టిన గిరిజనులలో అధికుల పేర్లు మాత్రం ఏ శిలాఫలకంపైనా లేవు.

స్వాతంత్ర్యానంతరం విల్లు క్రీడారంగంలో కొత్త గౌరవం పొందింది. 1973లో భారత విలువిద్యా సంఘం ఏర్పడింది. 1996లో జంషెడ్‌పూర్‌లో టాటా విలువిద్యా అకాడెమీ ప్రారంభమైంది. ఒకనాడు ఫెర్గూసన్ దండు నడిచిన ఘాట్‌శిల ప్రాంతం నుంచే సంతాల్ యువతి లక్ష్మీరాణి మాఝీ వచ్చింది. 2015 ప్రపంచ పోటీలలో రజతం గెలిచిన భారత మహిళా జట్టులో ఆమె సభ్యురాలు. తెలుగునాట విజయవాడ ఈ విద్యకు నిలయమయింది. అక్కడ శిక్షణకు పాటుపడిన చెరుకూరి లెనిన్ 2010లో రోడ్డు ప్రమాదంలో అకాలమరణం పొందినా ఆ కృషి ఆగలేదు. విజయవాడకే చెందిన వెన్నం జ్యోతి సురేఖ 2023లో జరిగిన హాంగ్‌ఝౌ ఆసియా క్రీడలలో మూడు స్వర్ణాలు సాధించింది. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో తెలుగు యువకుడు బొమ్మదేవర ధీరజ్, బెంగాల్ యువతి అంకితా భకత్ జంటగా సెమీఫైనల్ చేరి నాలుగవ స్థానంలో నిలిచారు. ఒలింపిక్ విలువిద్యలో సెమీఫైనల్ చేరిన తొలి భారతీయులు వీరే. తెలుగు, బెంగాలీ నేలల కలయికతో ఏర్పడిన ఖరిదా వంటి చోట ఈ జంటను తలచుకోవడం సముచితం.

పతకాలు గెలిచినవారి పేర్లు ఇక చెరగవు. చెరిగిపోతున్నవి వెదురును ఎన్నుకొని చెక్కేవాని నేర్పు, ములికి కొట్టే కమ్మరి ఒడుపు, అరటిబోదె ముందు మౌనంగా నిలిచే వృద్ధ విలుకాని చూపు. ప్రదర్శనశాలల్లో 'గిరిజనుల విల్లు' అనే రెండు మాటల చీటీతో సరిపెట్టక, అది ఏ ఊరిది, ఏ చేతులు చేసినది అనే వివరాలను నమోదు చేయడం పాలనాయంత్రాంగానికి అసాధ్యమైన పని కాదు. రెండు వందల సంవత్సరాల క్రితం ఆ చేతులకు తిట్టుపేరు పెట్టినది కూడా ఒక ప్రభుత్వ దస్తావేజే. దానిని సరిదిద్దే బాధ్యత సైతం దస్తావేజు రాసే కలానిదే కదా!