మడిలో ఉల్లి

తెలుగులో 'మడి'కి రెండర్థాలు. నారు పోసే మడి ఒకటి, ఆరేసిన బట్ట కట్టుకుని ఎవరినీ తాకకుండా వంట చేసే మడి మరొకటి. రెండో మడి నుంచి వెలేసిన ఉల్లిని మొదటి మడిలో పెంచిన ఆడవాళ్ళ గురించి, సాహిత్య పరిశోధన పేరుతో నేను చదివిన సాంఘిక చరిత్రల్లో ఒకటి రెండు వాక్యాలకి మించి కనపడలేదు.

నిషేధం పాతదే. మనుస్మృతి ఐదో అధ్యాయం ద్విజులు తినకూడనివాటిలో వెల్లుల్లి, పుట్టగొడుగుల పక్కన ఉల్లిని చేర్చింది. అదే అధ్యాయం చివర్లో, భర్త పోయిన స్త్రీని పూలూ దుంపలూ పండ్లతో శరీరాన్ని కృశింపజేసుకోమంది. చరకసంహిత మాత్రం ఉల్లి బలమిస్తుందనీ, రుచి పుట్టిస్తుందనీ, వృష్యమనీ చెప్పింది. మగవాడికి మందైన ఆ గుణమే విధవకి ప్రమాదమైంది.

5వ శతాబ్దం మొదట్లో ఉత్తరదేశం తిరిగిన చైనా యాత్రికుడు ఫాహియాన్, మధ్యదేశంలో చండాలురు తప్ప ఎవరూ ఉల్లి తినరని రాశాడు. అందరి వంటిళ్ళలోకీ తొంగిచూసి ఉంటాడని నేననుకోను. కానీ వాళ్ళు ఊరిబయట ఉండేవారనీ, కర్ర చప్పుడు చేస్తూ ఊళ్ళోకి రావాల్సి వచ్చేదనీ కూడా ఆయనే రాశాడు. ఉల్లి అప్పటికే ఊరికీ వాడకీ మధ్య గోడ. ఉల్లి చేసిన మేలు తల్లి కూడా చేయదన్న సామెత ఆ గోడకి ఏ వైపున పుట్టిందో ఊహించవచ్చు.

మా అమ్మమ్మ ఇరవై ఎనిమిదేళ్ళకి భర్తను పోగొట్టుకుంది. ఆ తర్వాత ఉల్లి నోట పెట్టలేదు. కానీ పిల్లల కోసం పెరట్లో, నూతి నీళ్ళు పారేచోట ఏటా పండించింది. దీపావళి వెళ్ళాక నారు పోసి, నెలా పదిహేను రోజులకి బెత్తెడు ఎడంతో నాటేది. కాడలు వాలగానే నీళ్ళు ఆపేసేది. తవ్వినవాటిని నీడన ఆరబెట్టి, జడలల్లి, వసారా దూలానికి వేలాడదీసేది. ఉల్లి ఈ ఏడు గడ్డ, వచ్చే ఏడు పువ్వు. విత్తనం ఏడాది దాటితే సరిగా మొలవదు. అందుకని ఏటా నాలుగు మంచి గడ్డలు తీసి విత్తనానికి మళ్ళీ పాతేది. మొలకొచ్చిన మిగతా గడ్డల్ని గోడవారన గుచ్చి, కాడలు కోసి పప్పులో వేసేది. ఆ వంటకి కుంపటి వేరు, మూకుడు వేరు. రుచి చూడదు కనక ఉప్పు చాలిందో లేదో వాసనబట్టి చెప్పేది. తప్పేది కాదు.

కలుపు తీయడానికొచ్చే మనిషి సద్దన్నంలో నంజుకునే ఉల్లిపాయా ఆ మడిలోదే. అమ్మమ్మ దాన్ని పైనుంచి ఆమె చేతిలో పడేసేది. తను పోగొట్టుకున్నదాని పక్కనే ఇది కూడా రాయకపోతే నా పరిశోధన అబద్ధమవుతుంది.

1881 డిసెంబరు 11న రాజమండ్రిలో వీరేశలింగం జరిపించిన మొదటి వితంతు వివాహానికి తేదీ ఉంది. విధవ కంచంలోకి ఉల్లి తిరిగొచ్చిన రోజుకి తేదీ లేదు. అమ్మమ్మ కంచంలోకి రానేలేదు. 2012లో నాన్న పోయాక, నెల తిరక్కుండానే మా మేనత్త ఉల్లిపాయల పులుసు కాచి అమ్మకి గరిటెడు వడ్డించింది. అమ్మ తింది. ఎవరూ ఏమీ అనలేదు.