వార్తలతో జర్మన్ నేర్చుకుందాం

2023 మార్చి 27, సోమవారం. మా ఆవిడకు స్టుట్‌గార్ట్‌లో జర్మన్ బీ-1 పరీక్ష. మేముండేది అక్కడికి నలభై నిమిషాల దూరంలో ఉన్న చిన్న ఊళ్ళో. పొద్దున్నే ఇద్దరం స్టేషనుకు వెళ్ళాం. ప్లాట్‌ఫారం మీద పురుగు లేదు. బోర్డు మీద ఏదో పొడుగాటి వాక్యం అటునుంచి ఇటు పరుగెడుతోంది. అందులో "వార్న్‌ష్ట్రైక్" అనే మాట కనిపించింది. అంటే హెచ్చరిక సమ్మె. ఆరోజు రెండు పెద్ద కార్మిక సంఘాలు, వెర్‌డీ, ఈఫావుగే, కలిసి దేశమంతటా రైళ్ళు, విమానాశ్రయాలు, చాలా రాష్ట్రాల్లో సిటీ బస్సులు ఆపేశాయి. ఆ సంగతి అంతకు ముందు గురువారమే ప్రకటించారు. నాలుగు రోజులుగా ప్రతి పేపర్లోనూ, ప్రతి బులెటిన్‌లోనూ అదే వార్త. మాకు మాత్రం తెలియదు.

టాక్సీ దొరికి అక్కడికి చేరేసరికి పరీక్ష మొదలైపోయింది. రుసుము పోయింది, మళ్ళీ తేదీ దొరకడానికి రెండు నెలలు పట్టింది. తప్పు ఎవరిదీ కాదు, మాదే. ఆ నెలలోనే "నాటు నాటు" పాటకు ఆస్కార్ వచ్చింది. దానిమీద వచ్చిన ఇంటర్వ్యూలన్నీ మేము వరసగా చూశాం. హైదరాబాదులో ఏ మంత్రి ఏమన్నాడో చెప్పగలం. మేముంటున్న ఊళ్ళో రేపు రైలు నడుస్తుందో లేదో మాత్రం చెప్పలేకపోయాం.

మా ఆవిడ వ్యాకరణంలో దిట్ట. విభక్తులు, క్రియారూపాలు అడిగితే గడగడా చెప్పేది. అయినా "వార్న్‌ష్ట్రైక్" అన్న మాట ఆమె చదివిన పాఠ్యపుస్తకంలో ఎక్కడా లేదు. ఆరోజు సాయంత్రం మేమిద్దరం ఒక నిర్ణయానికి వచ్చాం: రోజుకు ఒక్క వార్తయినా జర్మన్‌లో. ఆ తర్వాత మేము నేర్చుకున్నవి, చేసిన పొరపాట్లు, పనికొచ్చిన వనరులు మీతో పంచుకోవడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ఇది మనకు కొత్తేమీ కాదు

"హిందూ పేపరు చదవరా, ఇంగ్లీషు దానంతటదే వస్తుంది" అని చెప్పని నాన్నగారు తెలుగుదేశంలో ఉన్నారా? బడిలో ప్రార్థన సమయంలో ఒకరు ముందుకొచ్చి "నేటి ముఖ్యాంశాలు" చదవడం మనలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. అది వణుకుతూ చేసిన భాషాభ్యాసమే.

బయటి ప్రపంచంలో దీన్ని ఒక పద్ధతిగా మలిచినవాళ్ళు ఉన్నారు. అమెరికా ప్రభుత్వ రేడియో వాయిస్ ఆఫ్ అమెరికా 1959 అక్టోబరులో "స్పెషల్ ఇంగ్లీష్" పేరుతో వార్తలు మొదలుపెట్టింది. సుమారు 1500 మాటల పదజాలం, చిన్న వాక్యాలు, మామూలు వేగంలో సుమారు మూడింట రెండు వంతుల వేగం. ఎన్నో దేశాల్లో టీచర్లు దాన్ని క్లాసులో వాడుకున్నారు. 2025 మార్చిలో ఆ సంస్థ ప్రసారాలు చాలావరకు ఆగిపోయాయి గానీ ఆ ఆలోచన మిగిలింది. జర్మనీలో అదే దారిలో నడుస్తున్న కార్యక్రమాలు ఇప్పుడు బోలెడున్నాయి.

ఆఫీసులో ఇంగ్లీషు చాలదా?

నేను ఇక్కడ ఎం.ఎస్. చేసింది ఇంగ్లీషులో, ఉద్యోగం చేస్తున్నది ఇంగ్లీషులో. ఏళ్ళ తరబడి "చాలులే" అనుకున్నవాణ్ణి. కానీ లెక్కలు చూడండి. బ్లూ కార్డు ఉన్నవాళ్ళకు శాశ్వత నివాసానికి ఏ-1 స్థాయి జర్మన్ వస్తే 27 నెలలు పడుతుంది, బీ-1 ఉంటే 21 నెలలు చాలు. పౌరసత్వానికి బీ-1 కావాలి. 2024 జూన్ 27 నుంచి అయిదేళ్ళ నివాసంతో దరఖాస్తు చేసుకోవచ్చు. దానితోపాటు దేశం గురించిన పరీక్ష ఒకటి ఉంది: 33 ప్రశ్నల్లో కనీసం 17 సరిగ్గా చెప్పాలి. 2005లో మొదలైన ఇంటిగ్రేషన్ కోర్సుల్లోనూ మామూలుగా 600 గంటలు భాషకు, 100 గంటలు దేశ చరిత్ర, రాజకీయం, సమాజం గురించిన పాఠాలకు కేటాయించారు. బుండెస్‌టాగ్, బుండెస్‌రాట్, లాండ్‌టాగ్ లాంటి మాటలు ఆ పరీక్షలో ఎలాగూ వస్తాయి. రోజూ వార్తలు వినేవాళ్ళకు వాటిని బట్టీ పట్టే అవసరం ఉండదు.

ఇక మా ఆవిడ చదివింది ఫార్మసీ. సాఫ్ట్‌వేర్‌లో లాగా ఇంగ్లీషుతో నెట్టుకొచ్చే వీలు ఆ వృత్తిలో లేదు. మందు ఎలా వేసుకోవాలో ఎదుటివాళ్ళకు వాళ్ళ భాషలో చెప్పాలి కదా. మా ఇంట్లో ఆ పరీక్ష కేవలం కాగితం కోసం కాదు, ఆమె చదువు వృథా పోకుండా ఉండడం కోసం.

ఏ స్థాయికి ఏ వార్తలు

*ఏ-1, ఏ-2:* ఈ దశలో వార్తల జోలికి వెళ్ళకపోవడమే మంచిది. పునాది లేకుండా గోడ లేవదు. డాయిచె వెల్లె వారి "నికోస్ వేగ్" అనే ఉచిత వీడియో కోర్సు ఏ-1 నుంచి బీ-1 దాకా తీసుకెళుతుంది. ఏ-2 ముగింపుకు వచ్చాక వార్తల శీర్షికలు చదవడం మొదలుపెట్టవచ్చు.

*ఏ-2 చివర, బీ-1:* డాయిచ్‌లాండ్‌ఫుంక్ రేడియో వారి "నాఖ్‌రిష్టెన్‌లైష్ట్" అందరికంటే సులువు. 2013లో మొదలైంది. వారం వార్తలను చిన్న వాక్యాల్లో ఇస్తారు, చదివి వినిపిస్తారు, కష్టమైన మాటలకు అర్థాలు ఇస్తారు. డాయిచె వెల్లె "టాప్-తేమా" బీ-1 వాళ్ళ కోసమే తయారుచేసింది; ఒక విషయం, దాని ఆడియో, పదాల పట్టిక, ప్రశ్నలు అన్నీ ఒకచోటే ఉంటాయి.

*పిల్లలతో కలిసి:* జెడ్‌డీఎఫ్ వారి "లోగో" పిల్లల వార్తలు 1989 నుంచి వస్తున్నాయి. పది నిమిషాల కార్యక్రమం. యుద్ధం ఎందుకు వచ్చింది, ఎన్నికల్లో ఓట్లు ఎలా లెక్కిస్తారు వంటివి బొమ్మలతో చెబుతారు. పెద్దవాళ్ళం చూడడానికి సిగ్గుపడాల్సిన పని లేదు. మా అబ్బాయి పక్కన కూర్చుని నేను నేర్చుకున్నంత ఇంకెక్కడా నేర్చుకోలేదు.

*బీ-1 దాటాక:* ఏఆర్‌డీ వారి "టాగెస్‌షావ్" 1952 డిసెంబరు 26న మొదలైంది. రాత్రి 8 గంటలకు 15 నిమిషాల బులెటిన్. మన చిన్నప్పుడు ఏడు గంటల తెలుగు వార్తలకు ఇంట్లో అందరూ నిశ్శబ్దమైపోయినట్టు, ఇక్కడ చాలా ఇళ్ళలో ఆ పావుగంటకు ఫోను చేయరు. దీనికే సులభ భాషలో ఒక రూపాన్ని 2024 జూన్‌లో ప్రారంభించారు. ముందు అది, తర్వాత అసలుది.

*బీ-2 పైన:* డాయిచె వెల్లె "లాంగ్‌జామ్ గెష్‌ప్రొఖెనె నాఖ్‌రిష్టెన్", అంటే నెమ్మదిగా చదివే వార్తలు. ఇక్కడ ఒక హెచ్చరిక. పేరు చూసి సులువనుకుని నేను మొదట దీంతోనే మొదలుపెట్టి బోర్లాపడ్డాను. చదివే వేగం మాత్రమే తక్కువ. భాష మామూలు వార్తల భాషే.

మేము పాటించిన పద్ధతి

1. ముందు విషయం తెలుగులోనో ఇంగ్లీషులోనో తెలుసుకోండి. తెలిసిన కథ తెలియని భాషలో విన్నా సగం అర్థమవుతుంది. 2019 తెలంగాణ ఆర్టీసీ సమ్మె గుర్తున్నవాళ్ళకు సంఘం, డిమాండు, చర్చలు, ప్రతిష్టంభన అన్నీ తెలుసు. ఇక కావలసింది వాటి జర్మన్ పేర్లే.

2. పాఠం చూడకుండా ఒకసారి వినండి. ఎవరు, ఏమిటి, ఎక్కడ, ఎప్పుడు, ఎందుకు - ఈ అయిదింటిలో ఎన్ని దొరికాయో కాగితం మీద రాసుకోండి. రెండు దొరికినా చాలు.

3. అంకెలు విడిగా రాయండి. 27ను వీళ్ళు "ఏడు మరియు ఇరవై" అంటారు. మనకు ఇరవై ముందు వచ్చి అలవాటు. తేదీలు, డబ్బు మొత్తాలు తారుమారయ్యేది ఇక్కడే.

4. ఇప్పుడు పాఠం చూస్తూ మళ్ళీ వినండి. కొత్త మాటలు అయిదే ఎంచుకోండి, ఆరోది వద్దు. నామవాచకమైతే డేర్, డీ, డాస్‌లతో సహా రాసుకోండి. నేను మొదట్లో వార్తకు నలభై మాటలు ఎక్సెల్ షీటులో ఎక్కించేవాణ్ణి. షీటు పెరిగింది గానీ నాలుక కదల్లేదు.

5. పుస్తకం మూసి ఆ వార్తను మూడు వాక్యాల్లో పైకి చెప్పండి. వినడానికి ఒక మనిషి ఉంటే మరీ మంచిది.

6. ఒకే వార్తను రెండు వారాలు వెంటాడండి. రోజుకో కొత్త విషయమైతే రోజూ కొత్త మాటలే. ఒకే విషయమైతే అవే మాటలు తిరిగి తిరిగి వచ్చి వాటంతటవే నాటుకుపోతాయి. భాషా శాస్త్రవేత్త స్టీఫెన్ క్రాషెన్ దీన్నే "నారో రీడింగ్" అన్నాడు. మేము మొదట పట్టుకున్న వార్త డాయిచ్‌లాండ్‌టికెట్. 2023 మే 1న 49 యూరోలతో మొదలై, 2025 జనవరిలో 58, 2026 జనవరిలో 63 అయింది. జేబుకు తగిలే వార్త కాబట్టి విసుగు పుట్టలేదు!

తెలుగువాళ్ళకు కలిసొచ్చేవి

ఇంగ్లీషు మీదుగా జర్మన్‌ను చూస్తే కష్టంగా కనిపించేవి కొన్ని, తెలుగు మీదుగా చూస్తే ఇట్టే అర్థమవుతాయి.

మొదటిది "అట". వార్తల్లో ఎవరో అన్న మాటను చెప్పేటప్పుడు జర్మన్‌లో క్రియ రూపం మారుతుంది, "హాట్" బదులు "హాబె", "ఇస్ట్" బదులు "జై" అంటారు. మా టీచరమ్మ రెండు క్లాసులు చెప్పినా నాకు ఎక్కలేదు. తర్వాత ఒకరోజు వార్తల్లో "డేర్ మినిస్టర్ హాబె డాఫోన్ నిష్ట్స్ గెవుస్ట్" అని విన్నాను. మనసులో తెలుగులో వచ్చింది: "మంత్రిగారికి ఆ సంగతి తెలియదట." అంతే! ఆయన అన్నాడు, నిజమో కాదో నా పూచీ కాదు అని చెప్పే పని, మనం ఒక్క "ట"తో చేసేస్తాం.

రెండోది సమాసం. "బుండెస్‌ఫెర్‌ఫస్సుంగ్స్‌గెరిష్ట్" చూసి భయపడనక్కర్లేదు. విగ్రహవాక్యం చెప్పండి: బుండ్ అంటే సమాఖ్య, ఫెర్‌ఫస్సుంగ్ అంటే రాజ్యాంగం, గెరిష్ట్ అంటే న్యాయస్థానం. చివరి మాటే ప్రధానం, దాని లింగమే మొత్తానికి లింగం. అచ్చం మన తత్పురుష. ఆ కోర్టు ఉన్నది కార్ల్స్‌రూహెలో. అందుకే వార్తల్లో "కార్ల్స్‌రూహె తీర్పిచ్చింది" అంటారు, మన పేపర్లు ఢిల్లీని "హస్తిన" అన్నట్టు.

మూడోది వాక్యం చివర క్రియ. ఉపవాక్యాల్లో క్రియ చివరికి వెళితే ఇంగ్లీషువాళ్ళు తల పట్టుకుంటారు. మనం పుట్టినప్పటినుంచీ క్రియ కోసం వాక్యం చివరిదాకా ఆగినవాళ్ళమే.

ఒక్కోసారి నుడికారం కూడా కలుస్తుంది. సంఘాలు సమ్మెకు "ఆఉఫ్‌రూఫెన్" చేశాయి అంటారు. "రూఫ్" అంటే పిలుపు. సమ్మెకు పిలుపునిచ్చాయి!

జాగ్రత్తలు

వార్తల భాష వీధి భాష కాదు. రొట్టెల దుకాణంలో టాగెస్‌షావ్ లాగా మాట్లాడితే నవ్వుతారు. పైగా మా ప్రాంతపు ష్వేబిష్ యాస ఏ బులెటిన్‌లోనూ వినపడదు. నిఘంటువు కూడా అన్నిసార్లూ ఆదుకోదు. 2021 నుంచి 2024 నవంబరు దాకా ప్రతి వార్తలోనూ "ఆంపెల్" అనే మాట ఉండేది. అర్థం ట్రాఫిక్ లైటు. సంగతేమిటంటే ఎరుపు, పసుపు, ఆకుపచ్చ రంగుల పార్టీల కూటమి ప్రభుత్వానికి అది ముద్దుపేరు.

ఫోనులో అనువాదం నొక్కే అలవాటును కాస్త ఆపుకోండి. ఏఐ పరికరాలు వార్తను సులువు చేసి ఇస్తాయి, పనికొస్తాయి కూడా. కానీ ఒక్కోసారి వార్తనే మార్చేస్తాయి. ముందు మీ బుర్ర, తర్వాత యంత్రం. పరీక్షలో ఉత్తరం రాయడం, ఎదురుగా మాట్లాడడం కూడా ఉంటాయి. అవి వార్తలతో రావు, విడిగా సాధన చేయాల్సిందే.

చివరిగా

మా ఆవిడ ఆ వేసవిలో బీ-1 పాసయింది, ఇప్పుడు పై స్థాయికి చదువుతోంది. నాకు మరో రకమైన లాభం కలిగింది. మధ్యాహ్నం క్యాంటీన్‌లో నేను కూర్చోగానే సహోద్యోగులు పాపం నా కోసం ఇంగ్లీషులోకి మారేవారు. కాసేపటికి మాటలు తగ్గిపోయేవి. ఒకరోజు టికెట్ ధర గురించి తప్పుల తడకగా రెండు వాక్యాలు జర్మన్‌లో అన్నాను. ఆ తర్వాత వాళ్ళు మారలేదు. నేను సగమే అర్థం చేసుకుని నవ్వాను గానీ, ఇన్నేళ్ళలో మొదటిసారి ఆ బల్ల దగ్గర చుట్టంలా కాక, మనిషిలా కూర్చున్నాననిపించింది.

మొన్నామధ్య నేను లాప్‌టాప్‌లో తల దూర్చి ఉంటే మా ఆవిడ వంటింట్లోంచి కేకేసింది: "ఏమండీ, ఎల్లుండి బస్సులుండవట!"

ఆ "ట" ఆమెకు జర్మన్ వార్తల్లోంచే వచ్చింది.