అంతర్గత పుల్‌అప్, పుల్‌డౌన్ రెసిస్టర్లు

మైక్రోకంట్రోలర్ ఇన్‌పుట్ పిన్‌కు ఏదీ కలపకుండా వదిలేస్తే దాని వోల్టేజీ ఒకచోట నిలవదు. దగ్గరలో చెయ్యి కదిలినా, పక్క తీగలో కరెంటు మారినా పిన్ ఒకసారి 0 గానూ, మరోసారి 1 గానూ చదువుతుంది. ఈ అనిశ్చితిని తొలగించడానికి చిప్పులోనే అమర్చిన నిరోధకాలివి. పుల్‌అప్ పిన్‌ను సరఫరా వోల్టేజీ వైపు, పుల్‌డౌన్ గ్రౌండ్ వైపు లాగి ఉంచుతాయి. వీటిని ప్రోగ్రాంతోనే వేయవచ్చు, తీయవచ్చు.

ఆర్డ్యునో ఊనో బోర్డులోని ఏటీమెగా 328పీ చిప్పులో పుల్‌అప్ మాత్రమే ఉంది. విలువ 20 నుంచి 50 కిలో ఓమ్‌లు. అందుకే బటన్‌ను పిన్‌కూ గ్రౌండ్‌కూ మధ్య కలుపుతారు. నొక్కితే 0, వదిలితే 1. కొత్తగా నేర్చుకునేవారిని తికమకపెట్టేది ఈ తలకిందుల లెక్కే. ఈఎస్‌పీ 32 చిప్పులో రెండు రకాలూ సుమారు 45 కిలో ఓమ్‌లతో ఉన్నా, 34 నుంచి 39 వరకు పిన్‌లకు ఏదీ లేదు.

ఇవి బలహీనమైనవి. బటన్‌కు చాలు గానీ చిప్పుల మధ్య సమాచారం పంపే ఐ2సీ తీగలకు చాలవు: 40 కిలో ఓమ్‌లు, 100 పికోఫారడ్‌ల కెపాసిటెన్స్ కలిస్తే సిగ్నల్ పైకి లేవడానికి పట్టే సమయం 3 మైక్రోసెకన్లు దాటుతుంది, కానీ ఐ2సీ ప్రామాణిక వేగానికి గరిష్ఠ పరిమితి 1 మైక్రోసెకను. అక్కడ బయట 4.7 కిలో ఓమ్‌ల రెసిస్టర్ పెట్టడం వాడుక. రీసెట్ సమయంలో ఏటీమెగా పుల్‌అప్‌లు పనిచేయక పిన్ అనిశ్చితంగా ఉంటుంది కాబట్టి, మోటారును నడిపే మాస్‌ఫెట్ ట్రాన్సిస్టర్ గేటుకూ బయటి రెసిస్టరే దిక్కు.