ఎలక్ట్రాన్–పాజిట్రాన్ అభిఘాతములలో కణోత్పత్తి మాపనము

ఎలక్ట్రానును, దాని ప్రతికణమైన పాజిట్రానును మిక్కిలి వేగముతో ఎదురెదురుగా నడిపి ఢీకొల్పినయెడల ఆ రెండును నశించి, వాని శక్తి నూతన కణములుగా పరిణమించును. అందు ఏ జాతి కణములు ఎంత సంభావ్యతతో పుట్టుచున్నవో నిర్ణయించుటయే కణోత్పత్తి మాపనము. ప్రోటానులు క్వార్కుల సముదాయములగుటచే వాని అభిఘాతములలో ఏ అంశమునకు ఏ అంశము తగిలినదో తెలియరాదు; ఎలక్ట్రానునందు అట్టి అవయవములు ఇంతవఱకు కానరాకుండుటచే ఇచ్చట తొలిశక్తి నిశ్చితముగా తెలిసియుండును. అయినను పుట్టినవానిని లెక్కించుట సగము పనియే. రెండు పుంజములు ఎంత సాంద్రముగా, ఎన్నిసారులు ఒకదానినొకటి చొచ్చిపోయినవో చెప్పు సంఖ్య భాజకముగా లభింపనిదే ఆ లెక్కకు విలువ లేదు. దానికే ల్యూమినాసిటీ యని పేరు.

పుంజముల పరిమాణమును నేరుగా కొలిచి ఈ సంఖ్యను సూక్ష్మముగా సాధించుట దుష్కరము. కావున సిద్ధాంతముచే ముందే చక్కగా తెలిసిన ఒక ప్రక్రియను ఎన్నుకొని, దాని ఘటనలను లెక్కించి, సిద్ధాంతఫలముతో భాగింతురు. అట్టి ప్రక్రియకు సూత్రము 1936లో వెలువడినది. ఆండర్సన్ 1932లో పాజిట్రానును కనుగొనిన కొలది సంవత్సరములకే, కేంబ్రిడ్జిలో పరిశోధన చేయుచున్న హోమీ జహంగీర్ భాభా, ఎలక్ట్రాన్–పాజిట్రానులు పరస్పరము తాకి మరల ఆ జంటగనే చెదరు విధమును గణించెను. అల్పకోణములలో ఈ చెదరుట అత్యధికము గనుక, పుంజనాళికకు చేరువగా అమర్చిన శోధకములలో లెక్క సమృద్ధిగా లభించును. అట్టి యంత్రమేదియు లేని కాలమున వ్రాసిన సూత్రము నేటికిని వానికి కొలబద్దగా నిలిచియుండుట మన దేశీయులు గర్వింపదగిన విషయము.

మొదటి యంత్రమగు ఆడా వలయమును బ్రూనో టౌషెక్ ప్రేరణచే 1961లో ఇటలీలోని ఫ్రాస్కాటిలో నిర్మించి, మరుసటి యేడు ఫ్రాన్సులోని ఓర్సేకు తరలించిరి. నొవొసిబిర్స్కులో బుడ్కర్ బృందమును ఇదే మార్గమున నడిచినది. 1969లో పనికి పూనుకొనిన ఆడోనే వలయమున, క్వార్కులతో కూడిన కణములగు హాడ్రానులు ఊహించినదానికన్న విస్తారముగా పుట్టుట అందఱిని ఆశ్చర్యపఱచినది. హాడ్రానుల ఉత్పత్తిని మ్యూఆన్ జంటల ఉత్పత్తిచే భాగించిన నిష్పత్తి క్వార్కుల విద్యుదావేశ వర్గముల మొత్తమునకు సమానము కావలెను. నాడు తెలిసిన మూడు క్వార్కులకు అది 2/3 మాత్రమే యగును, ప్రతి క్వార్కును మూడు వర్ణములలో ఉండునన్నచో 2 అగును. మాపనము వర్ణవాదమునే బలపఱచినది. 1974 నవంబరులో స్టాన్‌ఫర్డ్‌లోని స్పియర్ వలయమున 3.1 గిగా ఎలక్ట్రాన్ వోల్టులకడ హాడ్రానుల ఉత్పత్తి నూఱు రెట్లకు పైగా ఎగసి, చార్మ్ క్వార్కుతో కూడిన జె/సై కణమును వెల్లడించెను. ఆపై పెరిగిన నిష్పత్తిలో కొంత భాగము హాడ్రానులది కాక టౌ లెప్టానుదని మార్టిన్ పెర్ల్ గుర్తించెను. 1979లో జర్మనీలోని పెట్రా వలయమున గ్లూఆన్ జాడ తెలిసినది.

జెనీవాకడ 27 కిలోమీటర్ల లెప్ వలయము 1989 నుండి 2000 వఱకు పనిచేసినది. అందలి ఎల్3 ప్రయోగమున బొంబాయిలోని టాటా పరిశోధన సంస్థ పాల్గొనినది. మఱియొక ప్రయోగమగు ఓపల్ సీసపుగాజు దిమ్మెలతో కణశక్తిని కొలిచినది. జెడ్ కణముల ఉత్పత్తిని కొలిచి న్యూట్రినో జాతులు 2.984 అని, అనిశ్చితి 0.008 అని తేల్చిరి. మూడుకన్న కించిత్తు తక్కువగు ఈ విలువ చిరకాలము శాస్త్రజ్ఞులను వేధించినది. పుంజముల విద్యుదాకర్షణచే భాభా ఘటనల కోణములే స్వల్పముగా వంగినవనియు, తన్మూలమున ల్యూమినాసిటీ సుమారు వేయింట ఒకవంతు తక్కువగా తోచినదనియు 2020 ప్రాంతమున గ్రహించిరి; సూత్రగణనను సయితము సంస్కరించిన పిమ్మట సంఖ్య 2.9963 అయినది.

తెలుగునాట ఈ శాస్త్రమునకు నేడు ఆశ్రయము సంగారెడ్డి జిల్లా కందిలోని హైదరాబాదు ఐఐటీ. జపానులోని బెల్, బెల్ 2 ప్రయోగములలో ఇదియు, చెన్నపట్నమునందున్న మద్రాసు ఐఐటీయు భాగస్వాములు. బెల్ 1999 నుండి 2010 వఱకు 77 కోట్లకు పైగా బి మీసాన్ జంటలను సమకూర్చినది. బెల్ 2 అభిఘాతములు 2018లో మొదలైనవి. బెల్ శోధకులు బి మీసాన్ జంటలు పుట్టు అనునాద శక్తికి 60 మెగా ఎలక్ట్రాన్ వోల్టులు దిగువనను కొంతకాలము యంత్రమును నడిపి, బి మీసానులు లేని ఆ ఘటనలను భాభా ఘటనల నిష్పత్తిలో సవరించి, మొత్తమునుండి తీసివైచి జంటల సంఖ్యను సాధించిరి. బి మీసాన్ ఏ మార్గమున ఎంత భాగము క్షయించునో చెప్పు గణనలలో ఆ సంఖ్యయే హారము.